అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు 'టేబుల్ కరప్ట్' అని వస్తే

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ జోరుగా నడిచే రోజుల్లో కమీషన్ దుకాణంలో కంప్యూటర్ ఒక్క గంట ఆగినా గొడవే. కాటా అయిపోయి ఉంటుంది, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తేలి ఉంటుంది, రైతు పట్టీ (అమ్మకం లెక్క చీటీ) కోసం గుమ్మంలో నిలబడి ఉంటాడు. సరుకు తేజానా, 334నా, బరువెంత, క్వింటా ఏ రేటుకు పోయింది, హమాలీ ఖర్చులూ అవీ పోను చేతికొచ్చేదెంత, అన్నీ ఆ పెట్టెలోనే. అలాంటి దుకాణంలో ముందురోజు రాత్రి డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చారనుకుందాం. పొద్దున్నే పట్టీ ప్రింట్ నొక్కితే తెర మీద ఇలా వస్తుంది: "క్యానాట్ లోడ్ ఫ్రమ్ మైఎస్‌క్యూఎల్ డాట్ ప్రాక్. ద టేబుల్ ఈజ్ ప్రాబబ్లీ కరప్టెడ్."

చివరి మాట చూడగానే యజమానికి చెమటలు పడతాయి. మూడేళ్ల బాకీలు, అడ్వాన్సులు, కోల్డ్ స్టోరేజీ లెక్కలు అన్నీ పోయాయనే అనుకుంటాడు. ఆ టెన్షన్‌లో సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఫోన్ వెళుతుంది. అతను యూట్యూబ్‌లో కనిపించిన చిట్కా ఒకటి ప్రయోగిస్తాడు, ఫలానా ఫైల్ తీసేసి మళ్లీ స్టార్ట్ చేయమంటాడు. ఇలాంటి కేసుల్లో అసలు నష్టం చాలావరకు జరిగేది ఈ అరగంటలోనే. అప్‌గ్రేడ్ వల్ల పోని డేటా ఈ కంగారు రిపేరుతో పోతుంది.

ఆ మెసేజ్‌లో 'కరప్టెడ్' అనే మాట అందరికీ కనిపిస్తుంది. దాని ముందున్న 'ప్రాబబ్లీ' ఎవరి కంటా పడదు. 'బహుశా' అంటోంది సర్వర్, అంటే డేటాబేస్‌ని నడిపే ప్రోగ్రామ్. తనకు అర్థం కాని ఆకారంలో టేబుల్ (డేటా దాచే గడుల పట్టిక) కనిపించింది కాబట్టి పాడైందేమో అని అనుమానపడుతోంది. పైగా మెసేజ్‌లో పేరున్న టేబుల్ ఏదో చూడండి. రైతుల టేబుల్ కాదు, పట్టీల టేబుల్ కాదు. 'మైఎస్‌క్యూఎల్' అనే డేటాబేస్‌లోని 'ప్రాక్'. అది సర్వర్ సొంత అవసరాలకు రాసుకునే పుస్తకం. స్టోర్డ్ ప్రొసీజర్లు, అంటే పట్టీ మొత్తం లెక్కగట్టడం లాంటి పనుల కోసం ప్రోగ్రామర్ డేటాబేస్‌లోపలే దాచిన సూచనలు, అందులో ఉంటాయి.

ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పేరు కూడా మైఎస్‌క్యూఎలే. దాని 5.0 వెర్షన్‌లో ఈ ప్రాక్ టేబుల్‌కి 16 కాలమ్‌లు ఉండేవి. 2008 నవంబరులో విడుదలైన 5.1 నాటికి అవి 20 అయ్యాయి. ఆ నాలుగూ భాష, లిపి సంగతులు రాసుకునేవి: ప్రొసీజర్ ఏ అక్షరమాలలో రాశారు, ఏ వరుసలో పోల్చాలి వగైరా. తర్వాత, మైఎస్‌క్యూఎల్ నుంచి చీలి వచ్చిన మరియాడీబీలో, 10.3 కాలంలో 'అగ్రిగేట్' అనే మరో కాలమ్ చేరి 21 అయ్యాయి. సాఫ్ట్‌వేర్ మాత్రమే మారి, పాత డేటా ఫోల్డర్ అలాగే ఉండిపోతే ఏమవుతుంది? 21 గడుల పుస్తకం చదవడం నేర్చుకొచ్చిన కొత్త గుమస్తా చేతికి 20 గడుల పాత ఖాతా పుస్తకం ఇచ్చినట్టు అవుతుంది. చివరి గడి వెతుక్కుని, కనపడక, పుస్తకం చినిగిపోయిందని కేకపెడతాడు. పుస్తకంలో ఒక్క అంకె కూడా చెరిగిపోలేదు.

కొన్ని వెర్షన్లు ఇదే సంగతిని ఇంకాస్త మర్యాదగా చెబుతాయి. 1558 నంబరు ఎర్రర్‌లో ప్రాక్ టేబుల్ కాలమ్‌ల లెక్క తప్పు, 21 ఉండాలి, 20 దొరికాయి, ఫలానా వెర్షన్‌లో తయారైంది, ఇప్పుడు ఫలానా వెర్షన్ నడుస్తోంది, 'మైఎస్‌క్యూఎల్ అప్‌గ్రేడ్' నడపండి అని మందు సహా రాసి ఉంటుంది. మొదట చూసిన మెసేజ్, అంటే 1548 నంబరు ఎర్రర్, మాత్రం అదే రోగానికి పాడైందనే పేరు పెడుతుంది. ఈ రెండు ఎర్రర్లకూ మందు దాదాపు ఎప్పుడూ ఒకటే: సర్వర్‌తో పాటు వచ్చే ఆ అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్‌ని ఒకసారి నడిపి, సర్వర్‌ని ఆపి మళ్లీ స్టార్ట్ చేయడం. అది సిస్టమ్ టేబుళ్లకు కొత్త కాలమ్‌లు చేర్చి, మిగతా టేబుళ్లన్నిటినీ కొత్త వెర్షన్‌తో సరిపోతాయో లేదో చూస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8.0.16 నుంచి ఈ పనిని సర్వర్ స్టార్ట్ అయ్యేటప్పుడు తనే చేసుకుంటోంది. మరియాడీబీలో ఇప్పటికీ విడిగా నడపాల్సిందే. మన దగ్గర చిన్న దుకాణాల్లో ఎక్కువగా కనిపించే జాంప్ (వెబ్ సర్వర్, డేటాబేస్ కలిపి ఇచ్చే) ప్యాకేజీలో 2015 నుంచి ఉంటున్నది మరియాడీబీయే, తెర మీద బటన్ పేరు మైఎస్‌క్యూఎల్ అని ఉన్నా. ఆ సంగతి తెలియక తప్పు సూచనలు పాటించేవాళ్లు చాలామంది.

జాంప్ గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే విజయవాడ, గుంటూరు దుకాణాల్లో నిజంగా డేటా పోయేది ఇక్కడే. కొత్త జాంప్ వేసుకునేవాళ్లు పాత ఫోల్డర్‌లోంచి తమ డేటాబేస్ పేరున్న ఫోల్డర్‌ని మాత్రం కాపీ చేసి కొత్త దాంట్లో పడేస్తారు. టేబుల్ పేర్లన్నీ కనిపిస్తాయి, హమ్మయ్య అనుకుంటారు. ఏదైనా ఒకటి తెరిస్తే 1932: టేబుల్ ఇంజిన్‌లో లేదు. ఇన్నోడీబీ అనే స్టోరేజీ ఇంజిన్ (సర్వర్‌లో డేటాని డిస్కు మీద దాచే భాగం) ఏ టేబుల్‌కి ఏ నంబరు, దాని వివరాలేమిటి అనే చిట్టాని 'ఐబీడేటా1' అనే వేరే ఫైల్‌లో, డేటాబేస్ ఫోల్డర్ బయట దాచుకుంటుంది. ఆ చిట్టా రాకుండా టేబుల్ ఫైళ్లు మాత్రం వస్తే, బీరువా వచ్చి తాళంచెవి పాత ఇంట్లో ఉండిపోయినట్టే. పాత ఫోల్డర్ ఇంకా ఉంటే భయం లేదు. పాత జాంప్‌నే మళ్లీ నడిపి, డంప్ (డేటానంతా ఒక ఫైల్లోకి రాసుకున్న కాపీ) తీసుకుని, కొత్తదాంట్లో ఎక్కించవచ్చు. ఐబీడేటా1 ని డిలీట్ చేయమనో, జాంప్‌తో వచ్చిన బ్యాకప్ ఫోల్డర్‌లోని ఖాళీ ఫైల్‌తో మార్చేయమనో చెప్పే చిట్కాని నమ్మితే మాత్రం సర్వర్ చక్కగా స్టార్ట్ అవుతుంది, టేబుళ్ల చిట్టా పోతుంది. సర్వర్ స్టార్ట్ అయింది కదా అని అక్కడితో సంబరపడి పాత కాపీని కూడా చెరిపేసే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

అందుకే ఏ ఎర్రర్ వచ్చినా, ఏ నంబరు కనిపించినా, మొట్టమొదటి పని ఒక్కటే. సర్వీసు ఆపాలి, డేటా ఫోల్డర్ మొత్తాన్ని, ఐబీడేటా1, లాగ్ ఫైళ్లు సహా, వేరే డిస్కులోకి కాపీ చేయాలి. సర్వర్ నడుస్తుండగా కాపీ చేస్తే ఆ కాపీ సగం పాతది, సగం కొత్తది అవుతుంది, దాన్ని నమ్మలేం. కాపీ అయ్యాకే మందులు, అవి కూడా ఆ కాపీ మీద, వీలైతే వేరే మెషిన్ మీద. దీనికి పట్టే ఇరవై నిమిషాలకు గుమ్మంలో ఉన్న రైతుకి చేత్తో పట్టీ రాసివ్వడం మేలు.

కాపీ అయ్యాక ఎర్రర్ లాగ్ (సర్వర్ తన ఎర్రర్లు రాసుకునే ఫైలు) తెరవాలి. అప్లికేషన్ తెర మీద చూపించేది చాలాసార్లు సగం సంగతే. ప్రోగ్రామర్ ఎప్పుడో 'ఏ ఎర్రర్ వచ్చినా టేబుల్ ఎర్రర్ అని చూపించు' అని రాసి ఉంటాడు. దీనికి విజయవాడలాంటి ఊరికి అచ్చంగా సరిపోయే ఉదాహరణ ఒకటుంది. ఇక్కడ ఇంటర్ కాలేజీలకు, కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. వాళ్ల సాఫ్ట్‌వేర్లలో విద్యార్థి ర్యాంకు దాచే కాలమ్ పేరు సహజంగా 'ర్యాంక్' అని ఉంటుంది. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ వివరాలున్న టేబుల్ పేరు 'గ్రూప్స్' అని ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ 5.7 దాకా ఈ పేర్లతో ఏ ఇబ్బందీ లేదు. 8.0లో విండో ఫంక్షన్లు (ర్యాంకుల లాంటివి డేటాబేస్‌లోనే లెక్కగట్టే సౌకర్యం) ప్రవేశపెట్టినప్పుడు ర్యాంక్, గ్రూప్స్ రెండూ భాష తన కోసం అట్టిపెట్టుకున్న మాటలు అయిపోయాయి. దాంతో నిన్నటిదాకా నడిచిన క్వెరీ (డేటాబేస్‌ని డేటా అడిగే వాక్యం) ఇవాళ 1064 సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. గ్రూపుల జాబితా రాదు, ర్యాంకుల లిస్టు రాదు, ఆఫీసులో అందరూ టేబుల్ పాడైందనుకుంటారు. టేబుల్ దివ్యంగా ఉంది. క్వెరీలో ఆ పేరు చుట్టూ బ్యాక్‌టిక్ గుర్తులు పెడితే సరిపోతుంది. ఇలాంటి చోట రిపేర్ కమాండ్ ఎన్నిసార్లు నడిపినా ప్రయోజనం ఉండదు.

విండోస్ నుంచి లినక్స్‌కి మారుతూ అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు 1146, అంటే ఆ పేరుతో టేబుల్ లేదు, అనేది వస్తుంది. విండోస్‌లో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఒకటే. లినక్స్‌లో వేరు. 8.0లో టేబుల్ పేర్లలో ఈ తేడా చూడాలా వద్దా అనే సెట్టింగ్‌ని సర్వర్ మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే నిర్ణయించాలి, తర్వాత మార్చనివ్వదు.

తెలుగు పేర్లతో డేటా ఉన్నవాళ్లకు వచ్చే చిక్కు వీటన్నిటికన్నా బాధపెడుతుంది, దాన్ని గురించి తెలుగులో రాసేవాళ్లు కూడా తక్కువ. అప్‌గ్రేడ్ తర్వాత రైతుల పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే అందులో ఒక పద్ధతి ఉంది. 'క' ఉండాల్సిన చోట మూడు గుర్తులు ఉంటాయి: నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ 'ఎ', ఉష్ణోగ్రతకి పెట్టే డిగ్రీ సున్నా, ఒక నల్ల చుక్క. 'ర' ఉండాల్సిన చోట అదే గీతల 'ఎ', తర్వాత డిగ్రీ సున్నా రెండుసార్లు. యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే పద్ధతి) లో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడు బైట్లు పడతాయి, మొదటి బైటు అన్నిటికీ ఒకటే. ఆ మూడు బైట్లనీ మూడు యూరప్ అక్షరాలుగా చదివితే కనిపించేది ఇదే. కాబట్టి తెర నిండా గీతల 'ఎ' వరసగా కనిపిస్తుంటే తెలుగు బైట్లు లోపల భద్రంగా ఉన్నాయనడానికి అది మంచి ఆనవాలు.

కారణం పాతది. 5.7 దాకా సర్వర్ డిఫాల్ట్ అక్షరమాల లాటిన్1, అంటే యూరప్ అక్షరాలది. అప్లికేషన్ తెలుగు బైట్లు పంపితే సర్వర్ వాటిని లాటిన్ అక్షరాలనుకుని దాచింది. తిరిగి అడిగితే అవే బైట్లు ఇచ్చింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని తెర మీద తెలుగు సరిగ్గానే కనిపించింది. 8.0లో డిఫాల్ట్ యూటీఎఫ్-8 ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8) కావడంతో కనెక్షన్ ఇప్పుడు నిజం చెప్పడం మొదలుపెట్టింది, పాత తప్పు బయటపడింది. ఇక్కడ టేబుల్‌ని నేరుగా కొత్త అక్షరమాలకి కన్వర్ట్ చేయమంటే సర్వర్ ఆ పిచ్చి గుర్తులనే నిజమైన అక్షరాలనుకుని మళ్లీ మార్చేస్తుంది. అలా చేస్తే చిక్కుముడి రెండింతలవుతుంది. సరైన దారి ఏమిటంటే కాలమ్‌ని ముందు బైనరీ రకంలోకి మార్చాలి, అప్పుడు అక్షరమాల అనే ముసుగు తొలగి ఉత్త బైట్లు మిగులుతాయి. ఆ తర్వాత యూటీఎఫ్-8 ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చాలి. అప్‌గ్రేడ్ అయ్యాక కొత్తగా టైప్ చేసిన పేర్లు సరిగ్గానే దాచి ఉంటే వాటిని వేరుగా చూడాలి, రెంటినీ కలిపి మార్చకూడదు.

ఈ వ్యవహారంలో నిజంగా పోయేది కూడా ఒకటుంది, అది అప్‌గ్రేడ్‌కి చాలా ముందే పోయి ఉంటుంది. 'కోటేశ్వరరావు' అనే పేరులో గుణింతాలు, వొత్తు విడగొడితే 12 గుర్తులు, 36 బైట్లు. పాత లాటిన్ కాలమ్‌కి 30 అక్షరాల హద్దు పెట్టి ఉంటే అందులో పట్టేది 'కోటేశ్వరరా' వరకే. 5.7కి ముందు వెర్షన్లు మామూలు సెట్టింగుల్లో మిగతాది కోసేసి ఒక వార్నింగ్‌తో సరిపెట్టేవి. ఆ 'వు' ఏ రిపేరుతోనూ తిరిగి రాదు, పాత పట్టీ కాగితాలు చూసి చేత్తో దిద్దుకోవాల్సిందే.

ఇప్పుడు నిజంగా పాడైన టేబుళ్ల సంగతి. అవీ ఉంటాయి. పాత మైఐసామ్ (మరో స్టోరేజీ ఇంజిన్) టేబుళ్లలో డేటాకి ఒక ఫైలు, ఇండెక్స్‌కి (త్వరగా వెతకడానికి వాడే సూచికకి) ఒక ఫైలు వేరువేరుగా ఉంటాయి. రాస్తుండగా కరెంటు పోతే రెండూ పొంతన తప్పుతాయి. అప్పుడు వచ్చేవి 145, 1194: టేబుల్ క్రాష్ అయినట్టు గుర్తు పెట్టి ఉంది, రిపేర్ చేయండి. ఇక్కడ రిపేర్ టేబుల్ అనేది సరైన మందే, డేటా ఫైలు చదువుకుంటూ ఇండెక్స్‌ని కొత్తగా కడుతుంది. 2010 డిసెంబరులో వచ్చిన 5.5 నుంచి డిఫాల్ట్ ఇంజిన్ ఇన్నోడీబీ అయింది, దానికి రిపేర్ టేబుల్ అసలు పనిచేయదు. ఇక 1034, కీ ఫైల్ సరిగా లేదు అనేది, వచ్చినప్పుడు మెసేజ్‌లో ఫైలు దారి చూడాలి. అది తాత్కాలిక ఫోల్డర్‌ని చూపిస్తుంటే టేబుల్‌కి ఏమీ కాలేదు, డిస్కు నిండిపోయి ఉండవచ్చు. అప్‌గ్రేడ్‌లో టేబుల్‌ని తిరిగి కట్టేటప్పుడు దానంత ఖాళీ జాగా మరోటి కావాలి. సీ డ్రైవ్ నిండా పెళ్లి వీడియోలున్న దుకాణం కంప్యూటర్‌లో అది దొరకదు.

ఇన్నోడీబీ డేటాని 16 కిలోబైట్ల పేజీలుగా దాస్తుంది, ప్రతి పేజీకీ ఒక చెక్‌సమ్ (పేజీ చెడలేదని సరిచూసుకునే లెక్క) ఉంటుంది. పేజీ చదివినప్పుడు లెక్క కుదరకపోతే సర్వర్ ముందుకు పోనంటుంది, ఒక్కోసారి తనంతట తానే ఆగిపోతుంది. ఇలాంటిది అప్‌గ్రేడ్ రాత్రే బయటపడటానికి కారణముంది. మామూలు రోజుల్లో దుకాణం ఈ సీజన్ లెక్కలే చదువుతుంది. నాలుగేళ్ల కిందటి పేజీలు హార్డ్‌డిస్కులో చెడిపోయి ఉన్నా ఎవరూ ముట్టుకోరు. అప్‌గ్రేడ్‌లో భాగంగా టేబుళ్లన్నీ మొదటినుంచి చివరిదాకా చెక్ చేసినా, తిరిగి కట్టినా ఆ పాత గాయం తగులుతుంది. నింద కొత్త వెర్షన్ మీద పడుతుంది, తప్పు డిస్కుది.

అక్కడ ఉపయోగపడేది ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ అనే సెట్టింగ్, 1 నుంచి 6 దాకా. 1తో మొదలుపెట్టి ఒక్కో మెట్టే ఎక్కాలి. 3 దాకా ఫర్వాలేదు, ప్రమాదం తక్కువ. 4, ఆపైన పెడితే డేటా ఫైళ్లు శాశ్వతంగా దెబ్బతినవచ్చు, అందుకే ఇన్నోడీబీ ఆ మెట్ల మీద రాయనివ్వదు, చదవనిస్తుంది అంతే. సర్వర్ లేచీ లేవగానే డంప్ తీసుకోవాలి, ఆ డంప్‌ని కొత్త ఖాళీ సర్వర్‌లో ఎక్కించాలి. ఆ సెట్టింగ్‌తోనే దుకాణం నడుపుదామనుకోవడం పొరపాటు. చిట్కాలు చెప్పేవాళ్లు కొందరు నేరుగా 6 పెట్టమంటారు, దానికన్నా ప్రమాదకరమైన సలహా ఇంకోటి లేదు.

కరెంటు సంగతి మరోలా కూడా అడ్డొస్తుంది. 5.7 సర్వర్ మామూలుగా ఆగకుండా, యూపీఎస్ చచ్చిపోయి ఆగిందనుకుందాం. ఆ తర్వాత దాన్ని ఒకసారి స్టార్ట్ చేయకుండానే 8.0 వేసేస్తే, కొత్త సర్వర్ 'క్రాష్ తర్వాత అప్‌గ్రేడ్ కుదరదు' అని మొండికేస్తుంది. సగంలో ఉన్న పనులు పాత రీడూ లాగ్ (ఇంకా పూర్తికాని మార్పులు రాసుకునే ఫైలు) లో ఉన్నాయి, ఆ రాత కొత్త వెర్షన్‌కి తెలియదు. లాగ్ ఫైళ్లు డిలీట్ చేస్తే ఆ సగం పనులు పోతాయి. పాత 5.7 నే మళ్లీ పెట్టి, స్టార్ట్ చేసి, దాని మిగులు పని దాన్ని పూర్తిచేసుకోనిచ్చి, పద్ధతిగా ఆపితే చాలు. ఆపే ముందు ఫాస్ట్ షట్‌డౌన్ సెట్టింగ్‌ని 0 చేస్తే ఇంకా మంచిది. ఎక్కువసేపు పడుతుంది, అయినా మిగులు లేకుండా ఆగుతుంది.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ వాడేవాళ్లకు గండం వేరే వైపు నుంచి వస్తుంది. పెద్ద వెర్షన్ మారితే అది పాత ఫోల్డర్‌ని ముట్టుకోనే ముట్టుకోదు, ఫలానా వెర్షన్‌లో తయారైంది, సరిపోదు అని ముఖాన చెప్పేస్తుంది. ప్రమాదమంతా లినక్స్ మార్పులో ఉంది. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్‌లో ప్రోగ్రాములన్నీ వాడుకునే మూల లైబ్రరీ) 2.28 అక్షరాల వరుసక్రమాన్ని పెద్దెత్తున మార్చింది. పాత వరుసలో కట్టిన ఇండెక్స్‌లో కొత్త వరుస ప్రకారం వెతికితే ఉన్న పేరు కూడా దొరకదు, ఒకే పేరు రెండుసార్లు చేరగలదు. టేబుల్ బాగానే ఉంటుంది. టెక్స్ట్ ఇండెక్స్‌లని రీఇండెక్స్ చేయాలి.

ఇంత భయం ఉన్నప్పుడు అప్‌గ్రేడ్ మానేస్తే పోలేదా అనిపించవచ్చు. 5.7కి మద్దతు 2023 అక్టోబరుతో ముగిసింది, 8.0కి గడువు 2026 ఏప్రిల్. మానేయడం కుదిరే పని కాదు. 5.6 నుంచి నేరుగా 8.0కి దూకడం కూడా కుదరదు, మధ్యలో 5.7 మీద ఆగాలి. 8.0కి వెళ్లాక అదే ఫోల్డర్‌తో 5.7కి తిరిగి రాలేం, ఎందుకంటే టేబుళ్ల ఆకారం చెప్పే పాత ఎఫ్‌ఆర్‌ఎం ఫైళ్లన్నీ పోయి ఆ చిట్టా ఒకే చోటికి చేరిపోతుంది. వెనక్కి దారి అంటూ ఉంటే అది ముందు తీసుకున్న బ్యాకప్ ఒక్కటే. మైఎస్‌క్యూఎల్ షెల్‌లో అప్‌గ్రేడ్ చెకర్ ఒకటుంది. పాత సర్వర్ నడుస్తుండగానే దాన్ని నడిపితే ర్యాంక్, గ్రూప్స్ లాంటి పేర్ల దగ్గర్నుంచి పాత రకం తేదీ కాలమ్‌ల దాకా ఏవి అడ్డొస్తాయో ముందే చెబుతుంది. సాయంత్రం దుకాణం కట్టేశాక పది నిమిషాల పని.

డంప్ తీసేటప్పుడు ఒక మెలిక ఉంది. మైఎస్‌క్యూఎల్ డంప్ తనంతట తాను టేబుళ్లను, ట్రిగ్గర్లను (టేబుల్ మారినప్పుడు వాటంతటవే నడిచే సూచనలను) తీసుకుంటుంది. ప్రొసీజర్లను, ఈవెంట్లను (వేళకు వాటంతటవే నడిచే పనులను) అడిగితేనే తీసుకుంటుంది. 'రొటీన్స్', 'ఈవెంట్స్' అనే రెండు ఆప్షన్లు పెట్టకుండా తీసిన డంప్‌ని కొత్త సర్వర్‌లో ఎక్కిస్తే రైతుల పేర్లన్నీ ఉంటాయి, పట్టీ లెక్కగట్టే ప్రొసీజర్ ఉండదు. అందుకని డంప్ ఫైలు సైజు చూసి సరే అనుకోకుండా, దాన్ని వేరే కంప్యూటర్‌లో ఎక్కించి, పోయిన సీజన్‌లోంచి టిక్కీలు బాగా ఎక్కువున్న ఒక రైతు పేరు తీసుకుని, అతని పట్టీ ప్రింట్ తీసి, ఫైల్లో ఉన్న పాత కాగితం పక్కన పెట్టి చూడాలి. పేరు పూర్తిగా ఉందా, తూకం సరిపోయిందా, హమాలీ పోను మొత్తం రూపాయితో సహా కలిసిందా. కలిస్తే ఆ రాత్రి అప్‌గ్రేడ్ మొదలుపెట్టవచ్చు.